పిలిస్తేనే వచ్చేవాడు

దుప్పటి రెండు కొసలూ పట్టి లోర్నా ఒక్క విదిలింపు విదిలించింది. అవతలి కొసలు సైలస్ అందుకున్నాడు. మధ్యకు ఒక మడత, మళ్ళీ ఒక మడత, చివరికి ఇద్దరి వేళ్ళూ ఒకచోట కలవడం. హైవే పక్క మోటల్లో రోజుకు నలభై దుప్పట్లు మడవాలి. అంటే నలభైసార్లు వేళ్ళు కలుస్తాయి. ఆ పని కోసమే పొద్దున్నే తెల్లారుతోందని ఐదు నెలలుగా ఆమె నమ్మకం.

పందొమ్మిదేళ్ళ పిల్ల. ఎర్రజుట్టు, సబ్బునీళ్ళకు పగిలిన చేతులు, కొంచెం ముందుకు వంగిన భుజాలు. ఆరేళ్ళప్పుడు తల్లి ఓ లారీ డ్రైవరు వెంట వెళ్ళిపోతే మామ్మ పెంచింది. పదహారో ఏట బడి మానేసి ఈ ఉతుకుడు గదిలో చేరింది. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇలాంటి పిల్లలు ఇంటికొకరు ఉంటారు. వీళ్ళ పేర్లు కూడా ఎవరికీ గుర్తుండవు.

ఇలాంటి పిల్ల దగ్గరికి దేవదూత వచ్చాడంటే ఎవరు నమ్ముతారు? కాని వచ్చాడు. అక్టోబరులో ఓ మధ్యాహ్నం ఆరబెట్టే యంత్రాల వెనక సైలస్ చొక్కా మార్చుకుంటుంటే చూసింది. వీపు మీద రెండు రెక్కలు, పావురాయి రంగువి, మడిచిపెట్టి ఉన్నాయి. కెవ్వున అరవబోయింది.

"అరవకు. నీ కోసమే వచ్చాను," అన్నాడు.

బుద్ధెరిగాక తన కోసమని వచ్చినవాడు అతనొక్కడే. దేవదూతలు అబద్ధమాడరని చర్చిలో ఆదివారం బడిలో చెప్పారు. ఆ చెప్పినవాళ్ళ నోట్లో మన్ను పడ!

"ఏమే, నీ బుద్ధిమంతుడు ఇవాళా మీ ఇంటి మెట్ల మీదేనా?" ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి డ్రీమా వేళాకోళం చేసింది. "ఐదు నెల్లు ప్రేమించి ఇంట్లో కాలు పెట్టలేదంటే, వీడెక్కడి మగాడే తల్లీ!"

"నీ మొగుడిలా పిలవని చోటికల్లా వెళ్ళే రకం కాదులే."

అనడానికి అంది గాని లోర్నాకు ఒళ్ళు మండింది. ఇంటివాళ్ళు నోరారా "లోపలికి రా, తిందువుగాని" అనేదాకా మా కొండల్లో ఎవరూ గడప దాటరు. ఉత్తరాలు తెచ్చేవాడికి కూడా ఆ మాట దక్కుతుంది. సైలస్‌కు దక్కలేదు. రోజూ సాయంత్రం ఆమెను దిగబెట్టి మెట్ల దగ్గర ఆగిపోతాడు. వానలో తడుస్తాడు, మంచులో నిలబడతాడు. మామ్మ కిటికీలోంచి చూసి, "నేను పిలవను, నువ్వూ పిలవకు," అంటుంది. ఎందుకని అడిగితే మూతి బిగిస్తుంది. తనెక్కడ సుఖపడిపోతుందోనని ముసల్దానికి కడుపుమంట అనుకునేది లోర్నా.

ఆ సాయంత్రం దారిలో సైలస్ ఆగాడు. "నాకిక వ్యవధి లేదు లోర్నా. ఇవాళ లోపలికి పిలిస్తే ఉండిపోతాను. లేదంటే నన్ను వెనక్కి రమ్మంటారు."

"ఉండిపోతావా? ఒట్టు?"

"రెక్కలు తీసేసి జన్మంతా నీతో దుప్పట్లు మడుస్తాను."

అతని గొంతు వణికింది. ఆ వణుకు ప్రేమే అనుకుంది వెర్రి పిల్ల. గబగబా మెట్లెక్కి, తలుపు బార్లా తీసి, మామ్మ చూస్తుండగానే వీధంతా వినపడేలా అరిచింది.

"సైలస్! లోపలికి రా, తిందువుగాని!"

మామ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తిట్టలేదు. చేతులు తుడుచుకుని బల్ల మీద మూడో పళ్ళెం పెట్టింది. అప్పుడే దించిన మొక్కజొన్న రొట్టె ముక్క అందులో వేసి, పైన వెన్న పెట్టింది.

"కూర్చో నాయనా, చాన్నాళ్ళు నిలబడ్డావు," అంది. "లోర్నా, మజ్జిగ పట్రావే."

మజ్జిగ సీసాతో తిరిగొచ్చేసరికి సైలస్ కుర్చీలో లేడు. మామ్మ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. మామ్మ చెయ్యి అతని చేతుల్లో ఉంది. వంటగదిలో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా రెక్కలు పరుచుకున్నాయి. ఎవరి కోసం వచ్చాడో లోర్నాకు అప్పుడు తెలిసింది.

"నా కోసమన్నావ్! నా కోసమే వచ్చానన్నావ్!"

"అలా అనకపోతే నువ్వు పిలిచేదానివి కాదు," అన్నాడతను తలెత్తకుండా. "ఇంటివాళ్ళు పిలవందే మేం లోపలికి రాలేం. మీ మామ్మ పిలవదు."

"ఐదు నెల్లు నా చెయ్యి పట్టుకు తిరిగావు కదరా, దొంగసచ్చినోడా!" భుజం పట్టి లాగింది. అతను కదల్లేదు. "వదులు! నే పిలవలేదనుకో, పో బయటికి!"

"ఊరుకోవే," అంది మామ్మ. గొంతు అప్పటికే సన్నబడింది. "మీ తాత పోయేముందూ ఇలాగే ఒకడు మెట్ల మీద నిలబడ్డాడు. చూడగానే పోల్చుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు మామ్మా?"

"ఎలా చెప్పనే. వీడితో నడిచొచ్చేటప్పుడు నీ మొహం ఎంత కళగా ఉండేదో. ఇంకొక్క రోజు చూద్దాం, ఇంకొక్క రోజు చూద్దాం అనుకుంటూ..."

మాట పూర్తి కాలేదు. తల కుర్చీ వెనక్కి వాలింది. సైలస్ ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టి లేచాడు. గడప దగ్గర ఆగి ఏదో చెప్పబోయాడు. లోర్నా మొహం తిప్పుకుంది. మళ్ళీ చూసేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అబద్ధం చెప్పినవాడి మీదా, నిజం చెప్పని మామ్మ మీదా. అందరికన్నా ఎక్కువగా, అంత గట్టిగా అరిచి పిలిచిన తన నోటి మీద. బల్ల దగ్గర కూలబడింది.

ఎదురుగా మూడో పళ్ళెంలో రొట్టె ముక్క ముట్టకుండా ఉంది, దాని మీద వెన్న ఇంకా పూర్తిగా కరగలేదు.