మగ్గం గుంటలో కోడిపిల్లలు

మా ఎదురింటి రామసుబ్బమ్మక్క కోడిపెట్ట రెండు విడతలు పిల్లల్ని లేపింది. రెండు విడతలూ గద్దల పాలయ్యాయి. ఈ చలికాలం మళ్లీ పిల్లలు లేచేసరికి ఆమె మొగుడు పుల్లయ్యన్న తానే పూనుకున్నాడు. రంగు పూస్తే గద్ద కోడిపిల్లను గుర్తుపట్టదని మా రాజంపేట వైపు కొందరంటారు. మిగతావాళ్లయితే ఇంత పసుపు పూసి ఊరుకుంటారు. ఈయన నేతగాడు. నూలుకు అద్దే ఎర్రరంగు పల్చగా కలిపి, పిల్లల్ని ఒక్కొక్కటిగా ముంచి తీశాడు. చీర అంచుకైనా అంత శ్రద్ధ పెట్టి ఉండడు.

ఎండకు ఆరిన పిల్లలు కీచుకీచుమంటూ తల్లి దగ్గరికి పరిగెత్తాయి. పెట్ట ముందొచ్చినదాన్ని నెత్తిమీద పొడిచింది. తర్వాతదాన్నీ పొడిచింది. అన్నింటినీ తరిమేసి, తన పిల్లల కోసం పెరడంతా వెతుక్కుంటూ తిరిగింది.

"ఏందియ్యా నువ్వు చేసిన పని? గద్దకు దొరక్కుండా చేస్తానని తల్లికే గాకుండా చేస్తివే!" అంది అక్క.

కడిగినా రంగు పోలేదు. పోయే రంగయితే ఆయన చీరలు ఎవరు కొంటారు?

అంత చిన్న పిల్లలు తల్లి వెచ్చదనం లేకుండా బతకవు. పుల్లయ్యన్న వాటిని మగ్గం గుంటలోకి దించాడు. నేతగాడు కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంట అది, చలిగాలి తగలదు. అడుగున వరిపొట్టు పరిచి, పైన బల్బు వేలాడదీశాడు. పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే బల్బు దించేవాడు, నోళ్లు తెరిచి దూరం జరిగితే పైకి లాగేవాడు.

"చూడుమే, ఎంత వెచ్చగా ఉండాయో," అన్నాడు గొప్పగా.

"వెచ్చగుంటే సాలునా? తల్లి రెక్క కిందికి పోవల్ల అవి. అది చూడు, మేత గూడా ముట్టకుండా ఎట్ల తిరుగులాడతాండాదో!"

అక్క రోజూ పిల్లల్ని తీసుకెళ్లి పెట్ట ముందు వదిలేది. అది రోజూ పొడిచేది. అక్క కళ్లు తుడుచుకుంటూ వాటిని మళ్లీ గుంటలోకి తెచ్చేది. అవేమో పుల్లయ్యన్న పాదాలెక్కి నిద్రపోయేవి. కాలు కదిపితే లేస్తాయని ఆయన మగ్గం ఆపేసేవాడు. చీర సంగతేమైందని షావుకారు ఫోన్ చేస్తే, "పిల్లోళ్లు నిద్రపోతాండారప్పా," అన్నాడంట. ఎవరి పిల్లలని షావుకారు అడగలేదు.

ఒక పొద్దున ఎండ బాగుందని పిల్లల్ని పెరట్లో వదిలి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నేను మజ్జిగ కోసం వాళ్లింటికి వెళ్లి ఉన్నాను. పెరడు మీద గద్ద నీడ పడింది. గోడ వారనున్న పెట్ట గొంతు చించుకుని అరుస్తూ పిల్లల మధ్యకు ఉరికింది, రెండు రెక్కలూ నేలకు ఆనేలా పరిచింది. ఈసారి రంగు చూడలేదు.

"పిలుస్తాండాది! పిల్లోళ్లను పిలుస్తాండాది!" అక్క సంతోషం పట్టలేక గుమ్మంలోంచి కేకేసింది.

పిల్లలన్నీ ఒక్కసారిగా పరిగెత్తాయి. పెట్టను దాటుకుని పోయి, పుల్లయ్యన్న లుంగీ కింద దూరాయి. గద్ద ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయింది.

పుల్లయ్యన్న నవ్వబోయి, పెట్ట వైపు చూసి ఆగిపోయాడు. అది ఇంకా రెక్కలు పరుచుకునే ఉంది. ఇంకా పిలుస్తూనే ఉంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

అక్క వెళ్లి దాని పక్కన కూలబడింది. దాని వీపు మీద చెయ్యి వేసింది.

"ఇంగ ముడుచుకోమ్మా," అంది. "గద్ద పోయింది."