ఆదివారం రెండు నుంచి ఐదు

కొబ్బరిచెట్టు మీంచి పడిన క్షణం ఇశ్రాయేలుకి ఇప్పటికీ నెమ్మదిగానే గుర్తొస్తుంది. తను పడలేదు, నేలే తనవైపు తేలుతూ వచ్చినట్టుంటుంది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు మంచం. మందుల మగతలో పగలూ రాత్రీ కలిసిపోయాయి. కూతురు షైనీ వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నట్టు ఉండేది. చెయ్యి చాపితే దుప్పటి తగిలేది.

అప్పటికే భార్య రాహేలు విడిపోయి, పిల్లతో అప్పనపల్లిలో పుట్టింట ఉంటోంది. పిల్ల ఖర్చుకి నెలకి మూడు వేలు ఇమ్మని కోర్టు చెప్పింది. పడేదాకా ఇశ్రాయేలు ఒక్క నెలా తప్పలేదు, పడ్డాక ఒక్క నెలా కట్టలేదు. కర్ర పట్టుకుని నడవగలిగిన రోజు పిల్లని చూడ్డానికి వెళితే, రాహేలు వాళ్లన్న గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"బకాయి కట్టకుండా పిల్లని చూసే హక్కు లేదు బావా" అన్నాడు.

ఇక చెట్లెక్కలేడు కాబట్టి పి.గన్నవరం దగ్గర ఒక తోటలో కాయలు ఒలిచే పనికి కుదిరాడు. ఆ తోట ప్రశాంతిగారిది. ఆవిడ అమలాపురంలో లాయరు. ఒక మంచు ఉదయం, తోటంతా పాలలో ముంచినట్టున్నప్పుడు, ఆవిడ కాఫీ గ్లాసుతో అటు వచ్చింది. ఇశ్రాయేలు ఒలవడం ఆపి లేచాడు.

"అమ్మగారండీ, ఓ మాట. మంచాన పడ్డాను కదండీ, పిల్ల ఖర్చుకి కోర్టు ఇమ్మన్న ఆ నెలల బాకీ పోతుందాండీ?"

"పోదండీ. బాకీ బాకీయే. కాకపోతే ఆసుపత్రి కాగితాలు చూపించి, వాయిదాల్లో కడతానని కోర్టుని అడగొచ్చు."

"ఆయ్. అది కట్టేదాకా పిల్లని చూడకూడదాండీ?"

"ఎవరు చెప్పేరు? డబ్బు సంగతి వేరు, పిల్లని చూడ్డం వేరు."

ఇశ్రాయేలు గుండె ఒక్కసారి తేలికైంది. "అయితే పిల్లని పూర్తిగా నా దగ్గరికే ఇమ్మని అడగొచ్చాండీ?"

"అడగొచ్చు. కానీ జడ్జిగారు మీ హక్కు కంటే ముందు పిల్ల బాగు చూస్తారు. పొద్దున్నే జడేసి బడికి పంపేది ఎవరండీ మీ ఇంట్లో?"

నేనే నేర్చుకుంటానని చెప్పబోయాడు. తెల్లారి నడుం పట్టేసి, పక్కమీంచి లేవడానికే గంట పట్టే సంగతి గుర్తొచ్చింది. ఐదారు కాయలు ఒలిచాక అన్నాడు:

"చూడ్డానికి మాత్రమే అర్జీ రాయండమ్మగారూ."

రెండు నెలలకి ఉత్తర్వు వచ్చింది. నెల నెలా ఇచ్చేదానితో పాటు బాకీ కింద వెయ్యి. ప్రతి ఆదివారం రెండు నుంచి ఐదు దాకా పిల్ల తండ్రితో ఉండొచ్చు. రాహేలు కాదనలేదు. కోర్టు వరండాలో ఆమే దగ్గరకొచ్చింది.

"పడిపోయేనని ఒక్క కబురు చేయించలేదేంటండీ? బజార్లో ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"ఏ మొహం పెట్టుకుని చేయించను?"

ఆమె అతని చేతికర్ర వైపు చాలాసేపు చూసి వెళ్లిపోయింది.

మొదటి ఆదివారం తండ్రీకూతుళ్లు వైనతేయ నది రేవు మెట్ల మీద కూర్చున్నారు. షైనీ మొదట ముభావంగా ఉంది. తర్వాత బడి గురించి మొదలుపెట్టి, ఆగకుండా చెప్పి చెప్పి, అతని భుజం మీదే నిద్రపోయింది. ఇశ్రాయేలు కదల్లేదు. సముద్రం పోటెత్తి, నది వెనక్కి నడుస్తోంది. ఎండ నీళ్ల మీద పల్చగా పరుచుకుంది. మంచం మీద చూసినవాటిలో ఇదీ ఒకటేమోనని భయమేసింది. పిల్ల ఊపిరి మెడకి వెచ్చగా తగులుతుంటే ధైర్యం వచ్చింది.

ఐదయింది. రాహేలు రేవు పైన కనిపించింది. అతను పిల్లని లేపబోయాడు.

"ఉండనివ్వండి" అంది రాహేలు. రెండు మెట్లు పైన, చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుంది.