తిట్టు లేని జవాబు

మూడోసారి సబ్బు రుద్దినా అరచేతుల్లో తుప్పు పోలేదు.

కుళాయి కింద చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడతను. గోళ్ళ మొదళ్ళలో, వేళ్ళ సందుల్లో, బొటనవేలి కింద కాయ కాసిన చోట ఎర్రటి పొడి. నిన్న సాయంత్రం పని నుంచి రాగానే స్నానం చేశాడు. భోజనానికి ముందు మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. తొమ్మిదింటికి నిద్రమాత్ర వేసుకుని పడుకున్నాడు. ఇప్పుడు ఆరు. మధ్యలో తొమ్మిది గంటలున్నాయి. ఆ తొమ్మిది గంటల్లో ఈ చేతులు అతన్ని అడక్కుండా ఎక్కడికో వెళ్ళొచ్చాయి.

నోట్లో ఇనుప రేకు నాకినట్టు చేదు. అది మాత్ర చేదు. రోజూ ఉండేదే, మధ్యాహ్నం దాకా వదలదు.

"ఎక్కారు," అంది భార్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఎక్కడికి?"

"డాబా మీద నీళ్ళ ట్యాంకు నిచ్చెన. సగం దాకా."

అతను నవ్వబోయాడు. ఆమె తన కాలు ముందుకు పెట్టి చూపించింది. చీలమండకి కట్టుకున్న గుడ్డపేలిక ఇంకా వేలాడుతోంది. దాని రెండో కొస అతని కాలికి ఉండాలి. లేదు.

"రెండు ముళ్ళు వేశాను. విప్పేశారు. ముళ్ళు విప్పడం మీ చేతులకి ఒకరు నేర్పాలా?"

"మెలకువ వచ్చుంటుంది. గాలి కోసం వెళ్ళుంటాను."

"కళ్ళయితే తెరిచే ఉన్నాయి. రండి అంటే పలకలేదు. ఏడ్చాను, పలకలేదు. ఆఖరికి సైటులో మా తమ్ముడు మీకు చెప్పినట్టు అన్నాను, 'దించు, మెల్లగా' అని. 'దించు, మెల్లగా' అన్నారు మీరు కూడా. ఒక్కో మెట్టుకీ చెప్పాను. ఒక్కో మెట్టూ దిగారు. పెంచుకున్న చిలక నయం, దానికి మొహంలో ఏదో ఒకటి ఉంటుంది." ఆమె వంగి తన కాలి గుడ్డపేలిక విప్పుకుంది. "ఇవాళ వెళ్ళకండి."

"వెళ్ళకపోతే ఏం చెప్పను? నిద్రలో నిచ్చెన ఎక్కానని చెప్పనా? చెప్తే, మెలకువలో ఉన్నప్పుడైనా ఎక్కనిస్తారా?"

డబ్బా, ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

అతను టవర్ క్రేన్ నడుపుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. సైటులో అందరూ గద్ద మేస్త్రి అంటారు, ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటాడని. చెప్పుకోవడానికి అంతకు మించి ఏమీ లేదు. పెళ్ళయింది. కూతురు చదువు ముగించి తన బతుకు తను చూసుకుంటోంది. ఒక్కసారైనా సరుకు జారలేదు, ఒక్కరికైనా గాయం కాలేదు. అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి నిద్ర పట్టకుండా పోయింది. పోవడానికి కారణం కూడా లేదు. డాక్టరు అడిగాడు, ఇంట్లో గొడవలా, ఎవరైనా పోయారా అని. చెప్పుకోదగ్గ కష్టం ఒక్కటీ లేనందుకు అతనికి సిగ్గేసింది.

"ఏం పని చేస్తావు?" అన్నాడు డాక్టరు చివరికి.

"కూర్చుని చేసే పనేనండీ."

అబద్ధం కాదు. నలభై మీటర్ల ఎత్తున, అద్దాల కేబిన్లో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునే ఉంటాడు. డాక్టరు తలూపి మాత్ర రాశాడు. తేడాగా ఏదైనా అనిపిస్తే వెంటనే వచ్చి చెప్పమన్నాడు. అనిపించింది చాలాసార్లు. పొద్దున లేచి చూస్తే స్టవ్ మీద మాడిన గిన్నె. తను వేసుకోని చొక్కా ఒంటి మీద. చెప్పడానికి మాత్రం వెళ్ళలేదు. వెళితే ఏం పనో మళ్ళీ అడుగుతాడు.

సైటు గేటు పక్కనే ఇంజనీరు మేడమ్ గది. టేబుల్ మీద రోజూ నింపే కాగితం. "నేను ఆరోగ్యంగా ఉన్నాను. మత్తు కలిగించే మందులేవీ వాడటం లేదు." కింద గీత. రోజూ చదవకుండానే సంతకం పెట్టేవాడు. ఇవాళ చదివాడు. చదివి పెట్టాడు. మేడమ్ తలెత్తకుండానే వాకీటాకీ చేతికిచ్చింది.

బయట బామ్మర్ది తన వాకీటాకీ మెడలో వేసుకుని ఎదురొచ్చాడు. భార్యకి సొంత తమ్ముడు. కింద నిలబడి క్రేన్‌కి సైగలు చెప్పేది వాడే, పదకొండేళ్ళుగా. వాడి మాట లేకుండా అతను కొక్కెం కదపడు. వాడు "ఎత్తు" అంటే ఇతను "ఎత్తు" అని తిరిగి చెప్పాలి. విన్నాను, అర్థమైంది, చేస్తున్నాను అని దాని భావం. అది నియమం. నియమంలో లేనిది ఒకటి వాళ్ళిద్దరి మధ్య ఉంది. తిరిగి చెప్పే ప్రతి మాటకీ అతను ఒక తిట్టు తగిలిస్తాడు. "ఎత్తుతున్నాలేరా, నీ తొందర తగలెయ్య." "ఎడమకేరా, నీకు ఎడమ కుడి తెలిసి చస్తే కదా." ఇదేం భాషని మేడమ్ ఒకసారి కోప్పడితే, బామ్మర్ది చేతులు కట్టుకుని, "తిట్టకపోతే నాకు సరిగ్గా వినబడదు మేడమ్," అన్నాడు.

"ఏంటి బావా, కళ్ళు అలా ఉన్నాయి?"

"మీ అక్క గురక."

"మా అక్క గురక పెట్టదు."

"పెళ్ళయి పాతికేళ్ళయింది, నాకు చెప్తావేంట్రా?" అని నిచ్చెన దగ్గరికి నడిచాడు.

నూట అరవై ఎనిమిది మెట్లు. రోజూ లెక్కపెడుతూ ఎక్కుతాడు. ఇవాళ తొంభై దాటాక లెక్క తప్పింది. ఆగాడు. కమ్మీ పట్టుకున్న చేతులకేసి చూశాడు. ట్యాంకు నిచ్చెన మీద కూడా ఇలాగే పట్టుకుని ఉంటాయి. ఎంత ఎత్తులో ఉన్నామో చేతులకి పట్టదు.

కేబిన్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రెండు మీటలు, ఒక ఎర్ర బటన్, కాళ్ళ కింద అద్దం. అద్దంలోంచి సైటంతా కనిపిస్తుంది. మధ్యలో నాలుగంతస్తుల దాకా లేచిన గోడ. గోడకి ఇవతల సరుకు దించే చోటు, బామ్మర్ది. అవతల పని జరిగే చోటు. అది బామ్మర్దికి కనబడదు. పద్ధతి ప్రకారమైతే అవతల ఇంకో సైగల మనిషి ఉండాలి. మొదటి రోజు మేడమ్ పెడతానంది కూడా. అక్కర్లేదని చెప్పింది ఇతనే. "ఇవతల వాడి కళ్ళు, అవతల నా కళ్ళు. మూడో మనిషి దేనికి మేడమ్, మాట పెరగడానికి కాకపోతే?" అప్పుడందరూ నవ్వారు.

పదింటి దాకా బాగానే గడిచింది. ఇసుక, ఇటుకల పళ్ళేలు, సెంట్రింగ్ చెక్కలు. ప్రతి మాటకీ జవాబు, ప్రతి జవాబుకీ తిట్టు. ఎండ అద్దాల మీద పడి కేబిన్ వెచ్చబడింది. ఫ్లాస్కు మూత తీసి రెండు గుక్కలు టీ తాగాడు. అదీ ఇనుములాగే ఉంది.

"బావా, ఊచల కట్ట. అవతలికి. ఎత్తు."

"ఎత్తుతున్నాన్రా, నీ బరువుకంటే ఏమంత ఎక్కువ?"

కట్ట నేల వదిలింది. టన్నున్నర ఇనుము, చివరలు అల్లల్లాడుతూ పైకి లేచింది. గోడ అంచు దగ్గరికి వచ్చింది. గోడ మీద ఒక కాకి ఉంది. కట్ట నీడ పడగానే కాకి లేచింది.

"ఆపు! ఆపు బావా! ఆపు!"

కాకి లేదు. గోడ లేదు. కట్ట గోడకి అవతల ఉంది, బాగా కిందికి, అతను దించిన గుర్తు లేనంత కిందికి. తీగ మెల్లగా ఊగుతోంది. అద్దంలోంచి చూశాడు. కట్ట కింద నీలం రంగు పట్టా నీడ. నీడ అంచున కూర్చుని సున్నప్పిన్ని డబ్బా విప్పుకుని తింటోంది. గోడలకి సున్నం కొట్టే మనిషి, సైటు మొత్తానికి పిన్ని. ఇటు వీపు పెట్టి కూర్చుంది. పట్టాకీ ఊచలకీ మధ్య ఒక మనిషి నిలబడేంత ఎడం కూడా లేదు.

చెయ్యి మీట మీద ఉంది. మీట మధ్యలో ఉంది. తను ఆపాడా, చెయ్యి ఆపిందా?

"బావా." బామ్మర్ది గొంతు చిన్నగా వచ్చింది. "ఒక తిట్టు తిట్టు."

"ఏంట్రా?"

"తిట్టమంటున్నా. ఏదో ఒకటి."

"అడ్డగాడిదా," అన్నాడు. నాలుక తడబడింది.

అటు పెద్ద ఊపిరి వదిలిన చప్పుడు. "నాలుగు మాటలు చెప్పాను. నాలుగూ తిరిగి చెప్పావు, బళ్ళో పిల్లాడిలా. 'ఎడమకి.' 'ముందుకి.' 'దించు.' 'ఇంకా దించు.' ఒక్క తిట్టు లేదు. మొదటిదానికి ముచ్చటేసింది. నాలుగోదానికి భయమేసింది. కింద ఎవరైనా ఉన్నారా?"

దించు అంటే దించాడు. ఇంకా దించు అంటే ఇంకా దించేవాడు. కిందికి చూడాల్సిన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి కాబోలు, రాత్రి ఉన్నట్టే.

"ఒరేయ్. పరుగెత్తి గోడ అవతలికి పో. పిన్నిని లేపు. నేను ఏదీ కదపను."

కదపలేదు. బామ్మర్ది గోడ చుట్టూ తిరిగి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు గట్టిగా పట్టుకుని, అద్దంలోంచి పిన్ని నెత్తిన చుట్టిన గుడ్డనే చూస్తూ కూర్చున్నాడు. రెప్ప వేయాలంటే భయం. వేస్తే మళ్ళీ ఎప్పుడు తెరుస్తాడో, అప్పటికి ఏది ఎక్కడుంటుందో. కళ్ళు మండి నీళ్ళు కారాయి. పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. రక్తమూ ఇనుములాగే ఉంది.

బామ్మర్ది కనిపించాడు. పిన్ని తలెత్తి పైకి చూసింది. డబ్బా చంకన పెట్టుకుని, చెయ్యి ఊపుతూ ఏదో అంటూ లేచి వెళ్ళింది.

"ఏమంటోందిరా?"

"తిండి కూడా తిననివ్వవా గద్దా, నా ముద్ద తన్నుకుపోతావా అంటోంది." బామ్మర్ది నవ్వబోయి ఊరుకున్నాడు. "అయిపోయింది బావా, ఎవరికీ ఏం కాలేదు. మేడమ్ అడిగితే గాలేసిందని చెప్తా. ఇకనుంచి నువ్వు తిడుతూనే ఉండు. తిట్టు ఆగిందంటే నేను ఆపమంటా. ఇద్దరం ఉన్నాంగా."

ఎంత తేలికైన దారి! క్రేన్ చేయి కొసన గాలి జెండా ఉంది. గుడ్డపేలికలా కిందికి వేలాడుతోంది.

"గాలెక్కడిదిరా, గాడిదా. జెండా చూడు."

కట్టని ఖాళీ నేల మీద దించడానికి ఆరు మాటలు పట్టాయి. ఆరింటికీ అరిచి మరీ తిట్టాడు. కొక్కెం విప్పించాడు. పైకి లాగి, క్రేన్ చేయిని గాలివాటుకి తిరిగేలా వదిలేసే బటన్ నొక్కాడు. అది సాయంత్రం దిగేముందు నొక్కేది. టైము పదిన్నర.

దిగడం ఎక్కడం కంటే కష్టం. ఎప్పుడూ అంతే. "దించు, మెల్లగా," అనుకున్నాడు పైకే. ఇవాళ భార్య గొంతు అక్కర్లేదు. ప్రతి మెట్టూ అతనికి తెలుస్తోంది. నూట అరవై ఎనిమిది, లెక్క తప్పలేదు.

మేడమ్ గదిలోకి వెళ్ళాడు. పొద్దున సంతకం పెట్టిన కాగితం ఇంకా టేబుల్ మీదే ఉంది. జేబులోంచి మాత్రల అట్ట తీసి సంతకం మీద పెట్టాడు. సగం గుంటలు ఖాళీ.

మేడమ్ అట్ట తిప్పి పేరు చదివింది. "ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు. చెప్పాల్సింది. చెప్తే దింపేస్తారని చెప్పలేదు." చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అవతల మూడో మనిషిని పెట్టండి మేడమ్. అక్కర్లేదన్నది నేనే, తప్పు నాది. నాలుగో మనిషిని కూడా చూసుకోండి."

"నాలుగో మనిషి ఎందుకు?"

"నా సీట్లోకి."

ఆమె కుర్చీలోంచి లేచింది. కోప్పడబోతోందనుకున్నాడు. కూజాలోంచి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. "ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళు. చేసేదేం పనో సరిగ్గా చెప్పు." తర్వాత అలవాటుగా చెయ్యి చాపింది. "వాకీటాకీ?"

తడుముకున్నాడు. మెడలో లేదు. జేబులో లేదు. "పైనే ఉండిపోయింది. మళ్ళీ ఎక్కి తెమ్మంటారా?"

"వద్దు," అంది మేడమ్ వెంటనే. "రేపు వచ్చేవాడు దింపుతాడు."

గేటు దగ్గర బామ్మర్ది నిలబడి ఉన్నాడు. పదకొండేళ్ళలో నేల మీద ఎదురెదురుగా నిలబడి వాళ్ళు మాట్లాడుకున్నది తక్కువే.

"అక్కకి నేను ఫోన్ చేసి చెప్పనా?"

"వద్దు. నేనే చెప్తా. రాత్రికి మూడు ముళ్ళు వెయ్యమని కూడా చెప్తా."

సంచి భుజాన వేసుకుని ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. చొక్కా వీపున చెమట మరక ఉంది, కేబిన్ సీటు అచ్చులో. మలుపు తిరిగేదాకా బామ్మర్ది చూశాడు. తర్వాత, ఎవరూ లేరని తెలిసీ, తన వాకీటాకీ బటన్ నొక్కాడు.

"బావా, దిగావా?"

నలభై మీటర్ల పైన, ఖాళీ సీటు మీద, ఫ్లాస్కు పక్కన, వాకీటాకీ ఎర్ర దీపం ఒకసారి వెలిగి, తిట్టు కోసం కాసేపు చూసి, ఆరిపోయింది.