ఫెయిలవ్వాల్సిన పరీక్ష

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. దువ్వాడ రిచర్డ్ చేసే పని అచ్చంగా అదే. ఎవరెవరో కలిసి ఊరికే పంచిపెట్టడానికి తయారుచేస్తున్న ఓ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఇంకా ఎవరూ రాయని సదుపాయాలకు అతను ముందే పరీక్షలు రాసిపెడతాడు. సదుపాయం లేదు కాబట్టి పరీక్ష ఫెయిలవ్వాలి, తెర మీద ఎర్రగా కనబడాలి. ఎవరైనా దాన్ని రాశాకే పచ్చబడాలి. ముందే పచ్చగా ఉందంటే పరీక్షే తప్పుడుదన్నమాట.

ఈ ముక్క తల్లి ప్రసన్నకుమారికి చెప్పాలని అతనికి తోచలేదు. ఆవిడకి కనబడిందల్లా కొడుకు తెర మీద నెలల తరబడి ఎర్రటి ఫెయిల్. కన్నపేగు కదా. శుక్రవారం చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన కూడికలో లేచి నిలబడి, మా రిచర్డ్ పరీక్ష పాసవ్వాలని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏం పరీక్షని ఎవరూ అడగలేదు. అందరూ ఉపవాసముండి మరీ ప్రార్థన చేశారు.

శనివారం పొద్దున్నకి పరీక్ష పాసైంది.

కరెంటు హఠాత్తుగా పోయి వచ్చినా అన్నీ ఎక్కడివక్కడే తెరుచుకోవాలన్నది ఆ సదుపాయం. రిచర్డ్ కంప్యూటర్ ప్లగ్గు పీకాడు, పెట్టాడు. తెర మీద సగం రాసి ఉంచిన ఉత్తరం బుద్ధిగా అక్కడే కూర్చుని ఉంది. కోడంతా గాలించాడు. ఆ పని చేసే లైను ఒక్కటీ లేదు. ప్రాజెక్టు పెద్ద ఇంద్రజకి ఫోన్ చేస్తే ఆవిడ నమ్మలేదు.

"రాయని కోడ్ పాసైందంటే నీ టెస్టే అబద్ధం. సాయంత్రం మీటింగులో ఎర్రగా చూపించు. లేదంటే పన్నెండో వెర్షన్ టెస్టులన్నిటి బాధ్యత నీకు కాక ఇంకొకరికిస్తాను."

ఆ బాధ్యత కోసం అతను ఏళ్లుగా ఆశపడుతున్నాడు. అంతలో తెర పచ్చబడటం చూసిన ప్రసన్నకుమారి సేమ్యా పాయసంతో వచ్చింది.

"పాసైపోనావు కదా, ఆ మొకవేటి?"

విషయం విని ఆవిడ కూలబడింది. "ఫెయిలవ్వడానికి పరీక్ష రాసేవోడు ఉంతాడని నాకేటి తెలుస్తాదిరా?"

తల్లీకొడుకులు చర్చి పాస్టరు ఫ్రాన్సిస్ అయ్యగారి దగ్గరికి పరుగెత్తారు. ఈసారి ఫెయిలవ్వాలని ప్రార్థించడానికి కూడిక మళ్లీ చేరింది. వాళ్లలో చిలకమ్మ అడ్డం తిరిగింది.

"సోమారం నుంచి మా పిల్ల దేవికి డిగ్రీ పరీక్షలు. మనం ఫెయిల్ ఫెయిల్ అని అడిగితే, పైనున్నాయన ఎవులి పేరు మీద రాసుకుంతాడు?"

అయ్యగారు తల గోక్కున్నారు. చిరునామా తప్పిపోకుండా వివరాలన్నీ చెప్పి అడగాలని తీర్మానమైంది. రిచర్డ్ అందిస్తుంటే ఆయన కళ్లు మూసుకుని, ప్రభువా, రాబోయే పన్నెండో వెర్షన్‌లో కరెంటు పోయి వచ్చే సదుపాయం ఫెయిలగును గాక, పదకొండో వెర్షన్ జోలికి పోవద్దు, దేవి డిగ్రీ జోలికి అసలే పోవద్దు అని వేడుకున్నారు. చివరి ముక్కకి చిలకమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

సాయంత్రం రిచర్డ్ ఫోన్ కెమెరా కంప్యూటర్ వైపు తిప్పి, మీటింగులో అందరూ చూస్తుండగా ప్లగ్గు పీకి పెట్టాడు. ఉత్తరం గల్లంతైంది. తెర ఎర్రబడింది. వెనకాల నిలబడ్డ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లంతా ఎవరని ఇంద్రజ అడిగింది గానీ, జవాబు కోసం ఆగకుండానే బాధ్యత అతనికి ఇచ్చేసింది.

అందరూ వెళ్లాక ప్రసన్నకుమారి ఆ ఎర్ర అక్షరాలనే చూస్తూ కూర్చుంది.

"మరి ఇది పాసయ్యేదెప్పుడు?"

"ఎవరో ఒకరు ఆ కోడ్ రాస్తే."

"ఎవులు రాస్తన్నారు?"

"ఎవులూ ముందుకి రాలేదమ్మా."

"నువ్వే రాయొచ్చు కదా. అదేటి సెయ్యాలో నీకన్నా ఎవులికి తెలుసు?"

ఇన్నేళ్లూ రిచర్డ్ ఎదుటివాళ్ల పనికి పరీక్షలు పెట్టాడు గానీ, తాను రాసినదాన్ని పరీక్షకి నిలబెట్టాలంటే అతనికి చచ్చేంత భయం. ఆ తెర మీద ఫెయిలంటే తన తప్పు కాదు. ఆ హాయికి అలవాటుపడిపోయాడు. తల్లి అంత తేలిగ్గా అడిగేసరికి సిగ్గేసింది.

"రాస్తాన్లే," అన్నాడు కీబోర్డు దగ్గరికి లాక్కుంటూ. "కానీ కూడికలో మాత్రం సెప్పకమ్మా. ఫెయిలైనా నానే అవ్వాలి, పాసైనా నానే అవ్వాలి."