సలోమోను వాటం

మామిడితోట కాపలా కాసే సలోమోను నులకమంచం మీద కూర్చుని, చిన్నరసాల చెట్టుకు వేలాడగట్టిన రేకుడబ్బాకు గాలితుపాకీ గురిపెట్టాడు. కోతిమూక దిగే వేళయింది. అంతకుముందు డబ్బామీద ఒకటి రెండు ప్లాస్టిక్ గుళ్ళు కొట్టి చూసుకోవడం అతని అలవాటు. డబ్బా ఠంగుమంది. కోతిని ఏనాడూ ఒంటిమీద కొట్టడు. అది కూర్చున్న కొమ్మ ఆకులు రాలిస్తే చాలు, పక్కతోట దారి పడుతుంది.

మనిషి బక్కపలచన. తల కుడిభుజం వైపు ఒరిగి ఉంటుంది. వయసంతా ఎడమభుజం మీద మామిడి గంపలు మోసి లారీలకెత్తిన మెడ, ఇక నిలబడనని మొరాయించింది. ఆధార్ ఫొటో తీసేవాడు "తల నిటారుగా పెట్టు తాతా" అంటే, "పెట్టిందేరా ఇది!" అని కసిరాడు.

ఆ మెడతోనే తుపాకీ మీద బిగించిన గురిగొట్టం, స్కోపులోకి చూడాలి. మొదట్లో లోపలి ప్లస్ గీతలు తన కంటికి నిలువుగా కనబడేట్టు పట్టుకుంటే, తెలీకుండానే తుపాకీ కుడికి ఒరిగేది. తేలుతూ పోయే గుండు కాస్తా చివర్లో కుడికి వంగేది. చాన్నాళ్ళు తన కళ్ళనే తిట్టుకున్నాడు. చివరికి మరలు వదులుచేసి స్కోపునే కుడికి తిప్పి బిగించాడు. తుపాకీ నిటారుగా నిలిచింది, గుండు మాట విన్నది.

ఇంతలో తోట కౌలుదారు వెంకటకృష్ణారావు ఆగిరిపల్లి నుంచి బండి మీద దిగాడు. సలోమోను మోసిన గంపల్లో సగం ఈయనవే. సరదాపడి తుపాకీ అందుకుని, గీతలు సరిచూసుకుని కాల్చాడు. గుండు ఎడమకు వంగిపోయింది. మళ్ళీ అంతే.

"ఏంటయ్యా, స్కోపు వంకరగా బిగించావు?" అంటూ, సలోమోను జేబులోని స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, తనే సరిచేసి కాల్చాడు. డబ్బా మోగింది. "ఇప్పుడు నువ్వు కొట్టు."

సలోమోను కొట్టాడు. గుండు కుడికి పోయింది.

"నీకు చూపు ఆనట్లేదయ్యా."

"చూపు బానే ఉందండి. ఇది నా మెడకి తిప్పుకున్నానండి."

స్కోపును మళ్ళీ తన వాటానికి బిగించి కొట్టాడు. డబ్బా గిర్రున తిరిగింది. వెంకటకృష్ణారావు మొహం మాడిపోయింది.

"నీ మెడ కోసం తుపాకీ వంకరగా ఉండాలా? చూసినోళ్ళు నవ్విపోతారు. సరిగ్గా బిగించు. లేదంటే రేపట్నించి బసవపున్నారావుని కాపలా పెడతా."

ఈ కాపలా పోతే ఈ వయసులో ఇంకొకడు పనివ్వడని సలోమోనుకు తెలుసు. భయమూ వేసింది. అయినా ఒళ్ళు మండింది.

"మీ గంపలు మోసినన్నాళ్ళూ ఈ మెడ ఎవరికీ అడ్డం రాలేదండి. ఇప్పుడొచ్చిందా? నేను బిగించనండి."

తుపాకీ మంచం మీద పెట్టాడు. స్క్రూడ్రైవరు తనది, జేబులో వేసుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తన ఊరు రెడ్డిగూడెం దారి పట్టాడు. వెనక్కి చూడలేదు.

కోతులు దిగాయి. వెంకటకృష్ణారావు కేకలేశాడు, అవి లెక్కచెయ్యలేదు. తుపాకీ తీసి కాల్చాడు. గుళ్ళన్నీ ఎడమకే పోయాయి. పండుతున్న కాయలు కిందికి రాలుతుంటే గుండె చెరువైంది. చివరికి దారి దొరక్క తలను కుడిభుజం మీదికి వంచి చూశాడు. గీతలు నిలువుగా నిలిచాయి. కాల్చాడు. ఆకులు జలజలా రాలాయి.

నాలుగు గుళ్ళకే మెడ పట్టేసింది. తుపాకీ మంచం మీద పడేసి, మెడ రుద్దుకుంటూ రెడ్డిగూడెం దారికేసి చూశాడు. దారి ఖాళీగా ఉంది. నులక మీద తుపాకీ, కుడికి ఒరిగిన స్కోపుతో, అలాగే పడి ఉంది.