ఎలీశమ్మ ఇంటి ఫైటర్ చేప

పొద్దున్నే టీ తాగి, గాజు తొట్టిలో నాలుగు మేత గింజలు వేసి, గేటుకి ఒరిగిపోయిన టులెట్ బోర్డు సరిచేసేది ఎలీశమ్మ. కొత్తపేట రైతుబజారు వెనక సందులో ఆమెది రెండు పోర్షన్ల ఇల్లు. భర్త కొమరయ్య పోయినప్పటి నుంచి ఒక పోర్షన్లో ఆమె, ఇంకో పోర్షన్లో బూజు.

తొట్టిలో నీలం రంగు ఫైటర్ చేప ఒకటే ఉండేది. అది ఎలీశమ్మే. ఆ ఇంట్లో ఎవరు అడుగు పెడితే వాళ్ల పోలికన ఒక చేప తొట్టిలో కనబడేది, వాళ్లు వెళ్లిపోగానే మాయమయ్యేది. కరెంటు మీటరు చూసేటాయన వచ్చినా అంతే. సందులో అందరికీ తెలిసిన సంగతే.

"మా ఇంట్ల గిసొంటి తొట్టి ఉంటే, కోడల్ని జర సూస్కొని తెచ్చుకుంటుంటి" అని పక్కింటి సైదమ్మ మాత్రం కుళ్లుకునేది.

తంటా అంతా ఆ ఫైటర్‌తోనే. కొత్తగా పెళ్లైన జంట కిరాయికి దిగితే, గౌన్లలాంటి తోకలతో రెండు గప్పీ చేపలు తేలాయి. అబ్బ, ఎంత ముద్దుగా ఉండేవో! ఫైటర్ మొప్పలు విప్పి ఆ తోకల్ని పీలికలు చేసింది. ఆ వారమే నల్లా దగ్గర ఎలీశమ్మ ఆ పిల్లని నానా మాటలూ అంది. జంట సామాను సర్దుకున్నారు. తర్వాత కోచింగ్ పిల్లలొచ్చారు. చారల చేపల గుంపు ఫైటర్ రెక్కలు పీకి పెట్టింది, ఎలీశమ్మ మంచం పట్టింది. వాళ్లూ పోయారు.

ఒక్కదానికి వండుకుంటే అన్నం ఎప్పుడూ మాడేది. "గిట్లనే ఒక్కదాన్నే పోతనేమో. ఎవరికి తెలుస్తది?" అనేది తొట్టి ముందు కూర్చుని. నిజంగానే భయం ఆమెకి.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు తాళాలు పడ్డాయి. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే కృష్ణకుమారికి పనీ, ఉండే చోటూ ఒకేసారి పోయాయి. సంచి పట్టుకుని ఎలీశమ్మ హాల్లోకి వచ్చి నిలబడింది.

"పోర్షన్ ఖాళీగా ఉందాండీ? నేనొక్కదాన్నేనండి."

తొట్టి అడుగున రాళ్ల మధ్య, మట్టిరంగు చేప ఒకటి మీసాలతో తడుముకుంటూ కనబడింది. పొట్టి తోక. ఫైటర్ కిందికి దిగి చూసింది. మొప్పలు విప్పలేదు. తన మానాన తాను పైకి పోయింది.

ఎలీశమ్మ సరేననబోయింది. గోడ అవతలి నుంచి కృష్ణకుమారి యాస విని సైదమ్మ అందుకుంది: "ఏందక్కా, గీ టైంల ఆంధ్రోళ్లకిస్తవా? బస్తీల ఏమనుకుంటరు?"

ఎలీశమ్మ జంకింది. "లేదమ్మా, మావోళ్లకిస్తనని మాటిచ్చిన" అని అబద్ధమాడింది.

"పర్లేదండి. ఎల్బీనగర్‌లో మా వైపు వెళ్లే లారీ ఏదైనా దొరుకుతుందేమో చూస్తాను" అని కృష్ణకుమారి వెళ్లిపోయింది.

మట్టిరంగు చేప మాత్రం పోలేదు. ఎలీశమ్మ మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ చూసింది. అక్కడే ఉంది, ఫైటర్ వదిలేసిన మేత ఏరుకుని తింటోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అట్లా జరగలేదు. ఎలీశమ్మకి ఏడుపొచ్చింది. ఎంత పని చేస్తినో అనుకుంటూ చెప్పులేసుకుంది.

ఆటోలు కూడా లేవు. మోకాళ్లని తిట్టుకుంటూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచింది. అక్కడ ఉద్యమంవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జెండాల పక్కన కృష్ణకుమారి విస్తరి ముందు కూర్చుని తింటోంది. ఏ ఊరు నీదని వడ్డించేవాళ్లెవరూ అడగలేదు. ఎలీశమ్మకి సిగ్గేసింది.

"తిన్నంక లే బిడ్డా. ఇంటికి పోదాం."

"మీవాళ్లకి మాటిచ్చానన్నారు కదండీ?"

"మావోళ్లు ఎవ్వరు లేరమ్మా. ఉత్తగ అన్న."

దారిలో తొట్టి సంగతంతా విన్న కృష్ణకుమారి, ఇంటికొచ్చాక దాని ముందు వంగి చూసింది.

"ఈ నీలం చేప ఎవరండీ?"

"నేనే."

"కరుస్తుందా?"

"కరుస్తది" అంది ఎలీశమ్మ, దాచకుండా.

కృష్ణకుమారి నవ్వి, బియ్యం డబ్బా ఎక్కడుందని అడిగింది. ఆ పూట ఇద్దరికి ఎసరు పెట్టారు. అన్నం మాడలేదు.