బుచ్చన్న దండం

ముంబై కామాటిపుర పదకొండో గల్లీలోని వరుస గదుల పాత చాల్‌లో బుచ్చన్న ఒంటిగది ఖోలీకి దర్వాజా ఎత్తు ఐదడుగులే. బుచ్చన్న ఆరడుగుల మనిషి. మొదటి ఏడాది నెత్తిన అరడజను బొప్పెలు కట్టాక మెడకే బుద్ధొచ్చింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లూ ప్రతి పొద్దున తల వంచుకునే బయటికొచ్చాడు.

ఎదురు ఖోలీలో తారాబాయి ఆ వేళకు రొట్టెలు కొడుతూ ఉండేది. బుచ్చన్న భార్య పోయినప్పటి నుంచి అతనికి రోజూ రెండు జొన్నరొట్టెలూ పల్లీల కారమూ ఆవిడే పంపేది. ఎందుకింత ప్రేమో అతను అడగలేదు. వేడి రొట్టె చేతికొచ్చాక ప్రశ్నలేం వేస్తాం?

చాల్ కూలగొడతామని అందరినీ ఫాక్‌లాండ్ రోడ్డు పక్క కొత్త బిల్డింగుకి మార్చారు. ఇద్దరికీ మళ్లీ ఎదురెదురు ఇళ్లే దొరికాయి. ఇక్కడ దర్వాజా ఏడడుగులు. నాలుగు రోజులు అలవాటు కొద్దీ వంగిన మెడ, ఐదో రోజున హాయిగా నిలబడింది. ఆ రోజే రొట్టెలు బంద్ అయ్యాయి. పైగా అతన్ని చూడగానే తారాబాయి తలుపు ధడాలున వేసుకుంది.

మూడు రోజులు వడాపావ్‌తో గడిపాడు. కడుపు మంట సరే, ఆ మూసిన తలుపు చూస్తే అతనికి ఏడుపొచ్చింది. చివరికి ఆవిడ కోడలు సుజాతని మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"నేనేం జేసిన బిడ్డా?"

"ఫ్లాట్ దొరకంగనే మీకు పొగరొచ్చిందంట మామా. ముప్పై ఏండ్ల సంది రోజూ దండం పెట్టేటోడు, ఇప్పుడు మెడ వంచుతలేడని అత్తమ్మకు కోపం."

నిజం చెబితే, ఇన్నేళ్ల దండాలూ దర్వాజాకే పోతాయి. తాతల నాటి నుంచి మేస్త్రీ పని చేసిన వంశం కదా, బుచ్చన్న సాయంత్రానికల్లా ఐదడుగుల ఎత్తులో దర్వాజాకు అడ్డంగా చెక్క కొట్టేశాడు. పొద్దున ఒంగి బయటికొచ్చాడు. తారాబాయి ముఖం వెలిగింది. ఈసారి రొట్టెలు తనే తెచ్చింది. తెచ్చి, గుమ్మంలో ఆగి, కొత్త చెక్కనూ మేకులనూ చూసింది.

"అయితే గన్నేండ్లు వంగింది దర్వాజాకా?"

బుచ్చన్న అవునన్నట్టు తలూపాడు.

"మరి ఇప్పుడెందుకు కొట్టినవ్?"

"నువ్వు మాట్లాడకపోతే పాణం ఉండబట్టలే వదినా."

ఆవిడ చెక్కకేసి వేలు చూపింది. "పీకెయ్" అంది.

మర్నాడు ఖాళీ దర్వాజాలో నిలబడి బుచ్చన్న మనసారా వంగాడు. మరీ మనసారా వంగాడేమో, నడుం పట్టేసింది.

"చాలు, లే."

"లేవస్తలేదు వదినా!"

తారాబాయి రొట్టెల గిన్నె కింద పెట్టి, నవ్వాపుకోలేక అతని భుజం పట్టి లేపింది. "ముప్పై ఏండ్లల్ల గీ దండమొక్కటే నాది" అంది కళ్లు తుడుచుకుంటూ.